పసిగుడ్డుకు పొద్దుటెండ

కొత్త మూలకణాలు ఎక్కించాక హిమజ ఒంట్లో, ఎండ పడనివ్వని లూపస్ జబ్బు జాడ లేకుండా పోయింది. దానితోపాటు పాత రోగనిరోధక శక్తి కూడా తుడిచిపెట్టుకుపోవడంతో, ఇరవై రెండేళ్ల పిల్లకు చంటిబిడ్డల టీకాలన్నీ మళ్లీ వేస్తున్నారు. ఈ వైద్యం మామూలైపోయిన రోజులవి; ఆ వీధిలో అలా నయమైన వాళ్లు ఇంటికొకరున్నారు. వాళ్లంతా ఎండలో తిరుగుతున్నారు.

తల్లి వరహాలమ్మ మాత్రం కిటికీ తెర తియ్యలేదు. ఎండ సోకితే చాలు, కూతురి బుగ్గలు కందిపోయి జ్వరం ముంచుకొచ్చిన ఏళ్లను ఆమె మరవలేదు. "చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి మళ్లీ రావచ్చు" అన్న డాక్టరు మాటలో రెండో సగమే ఆమె చెవిలో పడింది.

"పసిగుడ్డుకైనా పొద్దుటెండ చూపిస్తారు కదేటి పిన్నీ!" అంది టీకా వెయ్యడానికొచ్చిన నర్సు పైడితల్లి.

"మళ్లీ వచ్చేస్తే నువ్వొచ్చి చాకిరీ చేస్తావేటి?"

"అయితే పిల్లని ఊరగాయలా జాడీలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టీ!"

ఆ మాట గుచ్చుకుంది. నర్సు వెళ్లాక, వరహాలమ్మ దేవుడికి మొక్కుకుని తెర పక్కకు లాగింది. మంచం మీద ఎండ పరుచుకుంది.

హిమజ ఉలిక్కిపడి గోడవారకు జరిగి, ముఖాన చున్నీ కప్పుకుంది.

"తెర ఏసియ్యమ్మా. నాకు బయ్యమేస్తంది."

ఎన్నెన్ని కీడులో శంకించిన వరహాలమ్మకు ఈ ఒక్కటీ ఎన్నడూ తోచలేదు. తెర అంచు పట్టుకుని, వెయ్యలేక, వదల్లేక నిలబడిపోయింది.