కైలాసం కట్టుకున్న రంగు

బట్టలకు రంగులేసే కైలాసం, మిగిలిన ఎర్రరంగు గంగాళం ఎత్తి ఉప్పుగూడ నాలాలోకి వంచబోయాడు.

"ఆగు!" అన్నది, పాలకూర గంపతో అప్పుడే వచ్చిన అక్క ఆగమ్మ, పేరుకు తగ్గట్టే.

"ఏంది అక్కా లొల్లి? మూసీల కలిస్తే పోతది గదా!"

"పోతది తమ్ముడూ, సీదా మూసీ నీళ్లు పారే నా పాలకూర మడికే పోతది! కడిగితే ఎర్రనీళ్లు కారుతున్నయని ఇయ్యాల కొన్నోళ్లు గంపెడు కూర వాపస్ ఇచ్చిండ్రు."

కైలాసం గంగాళం దించాడు. ఇన్నేళ్లూ ఏరు పోవడమే చూశాడు గాని, ఎక్కడికి చేరుతుందో చూడలేదు.

ఇంట్లో ఉన్న తెల్లబట్టలన్నీ తెచ్చి, గంగాళంలో రంగు ఇంకిపోయేదాకా ముంచుతూనే ఉన్నాడు.

సాయంత్రం భార్య సుశీల బుగ్గలు నొక్కుకుంది. "ఈ గులాబీ ధోతి ఏందయ్యా?"

"అక్క మడికి పోవాల్సిన రంగే! నేను కట్టుకున్న."