ఐదేళ్ల ఎడారి

"వచ్చేసింది! బదిలీ ఆర్డరు వచ్చేసింది!" మావారు కారు ఆపి ఫోను చూపించారు. "ఇక్కడి వాతావరణ కేంద్రానికే, ఐదేళ్లు!"

పెళ్లయి ఇరవై రోజులు. శని, ఆదివారాలు ఎడారి చూద్దామని కారులో బయల్దేరి వచ్చాం.

"ఎవరడిగారండీ?"

"నువ్వేగా! నిన్న ఇసుకదిబ్బ మీంచి జారుతూ 'ఇక్కడే ఉండిపోదామండీ' అన్నావు. వెంటనే ఆఫీసరుకి ఫోన్ చేశా. ఇక్కడికి వస్తానన్నవాడే ఇంతవరకూ లేడట! సెలవురోజైనా సంతకం పెట్టేశాడు."

"సరదాకి అన్నానండీ... రద్దు చేయించలేరా?"

"ఆర్డరయ్యాక ఇంకెక్కడి రద్దు?"

"మరి నా కాలేజీ ఉద్యోగం?"

ఆయన నవ్వుతూ నా ముక్కుమీది ఇసుక తుడిచారు. నా ప్రతి మాటా వినే మొగుడు దొరికాడని నిన్నంతా మురిసిపోయాను. విన్నారు, నిజమే. నన్ను అడగాలని మాత్రం ఆయనకు తట్టలేదు. ఇకముందూ తట్టదు.

"నీకెందుకు శ్రమ? రేపు పొద్దున్నే నీ రాజీనామా నేనే రాసిచ్చేస్తాను."