అరిగిన బోల్టు

“ఇది లైవ్, జయపాల్! నీ పనితనం రామచంద్రపురం అంతా చూస్తోంది,” అన్నారు జోగేశ్వరరావు గారు, ఫోను నా మొహం మీదకి పెట్టి.

ఆయనింటి వాకిట్లో, ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఆయిలు దింపే బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. ఏ పానా పట్టడం లేదు. పోయినసారి ఆయిలు మార్చింది నేనే కాబట్టి, పాడు చేసిందీ నేనేనట.

“నేను బిగించినప్పుడు బాగానే ఉందండి.”

“మరి దానంతటదే అరిగిందా? చూడండి, ఎదురు మాట్లాడుతున్నాడు! ఇలాంటివాడి షెడ్డుకి వెళ్ళకండి.”

ఆయన మాట అందరూ నమ్ముతారు. ఊళ్ళో సగం బోర్లకి మోటార్లు, పైపులు బిగించిన చెయ్యి అది. నాది రెండేళ్ళ షెడ్డు.

ఒక సైజు తక్కువ సాకెట్ పానాని ఆ తల మీద సుత్తితో కొట్టి ఎక్కించాను. ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి తిప్పాను. కిర్రుమని ఊడింది. నల్లటి ఆయిలు మోచేతి దాకా కారింది.

“దగ్గరగా చూపించు, అందరూ చూడాలి!”

బోల్టుని గుడ్డతో తుడిచాను. మరలకి జనపనార చుట్టి, దాని మీద తెల్లరంగు పూసి ఉంది. కుళాయి కారకుండా పైపులు బిగించేవాళ్ళు చేసే పని అది. ఇంజనుకి ఏ మెకానిక్కూ చెయ్యడు.

ఫోనుకి ఎదురుగా ఎత్తిపట్టాను.

“మొన్న చుక్క కారుతోందని కాస్త... బిగించానంతే,” అని నీళ్ళు నమిలారు. ఫోను మెల్లగా నేలవైపు వాలింది.

“పైకెత్తండి,” అన్నాను. “లైవే కదండీ?”