రెండో సంతకం

సోమవారం పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఇది మూడోసారి.

"మీ మావయ్యగారొచ్చారండీ," అన్నాడు పక్క సీటు గుమస్తా. చుట్టరికమేమీ లేదు, ఆఫీసులో వేళాకోళంగా ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది.

సముద్ర పటాల విభాగం అధికారిణి తలెత్తలేదు. పందొమ్మిది నెలలుగా ఒకే పటం ముందు కూర్చుంది. కళ్ళు లాగుతున్నాయి, మెడ పట్టేసింది. శుక్రవారం ఆ పటం అచ్చుకు వెళ్ళిపోతే రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలని ఉంది.

పెద్దాయన పటం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ రాయి ఉందమ్మా. పాత పటంలో ఉండేది. మీరు తీసేశారు."

తీసేసిన మాట నిజమే. కొత్త సర్వేలో పడవ పొలం దున్నినట్టు వంద మీటర్లకో గీత చొప్పున తిరిగింది. ప్రతి గీత మీదా ఇరవై మీటర్ల లోతే వచ్చింది. పైగా పాత పటంలోనే ఆ రాయి పక్కన ప్రశ్న గుర్తు ఉంది. అందుకే కొట్టేసింది.

"సన్నటి రాయి, నిట్టనిలువుగా ఉంటుంది. మీ రెండు గీతల మధ్య ఉండిపోయింది."

"మీకెలా తెలుసండీ?"

"కుర్రతనంలో సర్వే పడవలోంచి, లోతు కొలిచే సీసపు గుండు కట్టిన తాడు వదిలేవాణ్ణి. గుండు రాయికి ఒక్కసారే తగిలింది. మళ్ళీ వేసేలోపు గాలి లేచింది. అందుకే ఆ ప్రశ్న గుర్తు."

కొత్త పటం చేతికొస్తే ప్రయాణికుల ఓడలు చుట్టూ తిరగడం మానేసి అటే వెళతాయని, వాటి అడుగు అయిదు మీటర్లు మునుగుతుందని, రాయి మీద నాలుగు మీటర్ల నీళ్ళే ఉన్నాయని చెప్పాడు. పోయినసారీ ఇదే చెప్పాడు. ఆమెకు విసుగేసింది.

"బాబాయిగారూ, ఒక్కరి మాట మీద పటం మార్చకూడదు. అక్కడికెళ్ళి కొలవాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. అది మా నిబంధన. నా చేతుల్లో ఏమీ లేదు."

పెద్దాయన పటం మీంచి వేలు తీశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"మంచి నిబంధనే," అన్నాడు. గొడుగు తీసుకుని, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

గుమస్తా నవ్వాడు. ఆమె కూడా నవ్వి, పీడ వదిలిందనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అచ్చు కాగితాల మీద సంతకం పెట్టబోతుండగా, చేపల పడవ నడిపే మనిషి ఒకడు లోపలికొచ్చాడు. సంచిలోంచి సీసపు గుండు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన మడతపెట్టిన కాగితం పెట్టాడు.

"పెద్దాయన ఇమ్మన్నారమ్మా."

గుండు అడుగున గుంటలో కొవ్వు నింపి ఉంది. కింద బురద ఉంటే కొవ్వుకు బురద అంటుకుని వస్తుంది. దీనికి బురద లేదు. రాయి కోసిన గాటు ఉంది, గాట్లో కాస్త నాచు ఉంది.

కాగితంలో స్థానం, వేళ, ఆటుపోటు సవరణ, ఏడుసార్లు గుండు వేసి కొలిచిన లోతులు వరసగా ఉన్నాయి. కింద రెండు సంతకాలు.

"రెండోది నాది. నాకు రాయడం రాదంటే, పడవలోనే కూర్చోబెట్టి నేర్పారు," అన్నాడు పడవ మనిషి.

"ఆయన రాలేదేం?"

అతను తల వంచుకున్నాడు. "మంగళవారం వెళ్ళాం, కెరటాలు లేచాయమ్మా. తడిసి ముద్దయ్యాం. వెనక్కెళ్ళిపోదాం పెద్దయ్యా అన్నాను. ఒక్కసారి తగిలితే చాలదురా అన్నారు. సాయంత్రానికే జ్వరం. నిన్న పొద్దున పోయారు."

గుమస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమెకు సోమవారం నవ్విన నవ్వు గుర్తొచ్చింది. సంతకం పెట్టబోయిన అచ్చు కాగితాలు పక్కకు నెట్టేసింది.

అచ్చు ఆపించాలంటే ఉత్తరంలో నిబంధన నంబరు రాయాలి. వచ్చినవాళ్ళందరికీ ఆమె అప్పజెప్పే నిబంధనే అయినా, నంబరు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అరలోంచి పుస్తకం తీసి దుమ్ము దులిపింది.

అట్ట తిప్పగానే మొదటి పేజీలో, ఆ నిబంధనలన్నీ రాసిన తొలి డైరెక్టరు సంతకం కనిపించింది: పడవ మనిషి తెచ్చిన కాగితం మీద మొదటి సంతకమూ అదే.