దొరసాని పుట్టింటి గోపురం

"గోపురం మళ్ళీ కూలిందండీ," అన్నాడు అమ్మిరాజు పాదిరి దొరతో, తల గోక్కుంటూ.

"కూలదూ మరి! తడి ఆరకముందే చెక్కలు లాగేస్తే నిలబడటానికి అదేమైనా మీ మొండితనమా?" అంది సంపూర్ణమ్మ.

రామచంద్రపురంలో కొయ్య అచ్చులు చెక్కడానికి అమ్మిరాజు పెట్టింది పేరు. ఆ పనికి వంకలు పెట్టడంలో భార్యకు అంతకంటే పెద్ద పేరు.

పాదిరి ఎడ్వర్డు దొరకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన భార్య ఆలిస్‌కు ఐదో నెల. ఇంగ్లండు మీద బెంగతో మెతుకు ముట్టడం లేదు. ఇలాగే ఉంటే బిడ్డకు ప్రమాదమని డాక్టరు భయపెట్టి వెళ్ళాడు. తనకు బాప్తిస్మం ఇచ్చిన చర్చిని ఒక్కసారి చూడాలని ఆమె ఒకటే ఏడుపు.

"కడుపుతో ఉన్న పిల్ల కోరిక తీర్చకపోతే ఎలాగండీ? అక్కడికి వెళ్ళలేకపోతే ఇక్కడే చూపిద్దాం," అని పక్కింటి సంపూర్ణమ్మే పూనుకుంది.

"ఆ చర్చి ఎంత పాతదన్నారు, దొరగారూ?" అడిగాడు అమ్మిరాజు.

"ఏడు వందల ఏళ్ళు. మొదటివాళ్ళు గుండ్రటి కమానులు కట్టారు. తర్వాతి తరాలవాళ్ళు మొనదేలిన కిటికీలు పెట్టారు. పిడుగు పడి గోపురం కూలితే, ఉన్ని వ్యాపారి ఒకాయన మళ్ళీ కట్టించాడు."

"అక్కడా కూలిందన్నమాట!" అమ్మిరాజుకు ప్రాణం లేచొచ్చింది. "గోడల రంగో?"

"తెలుపు. మా వైపు రాయి అంతే."

"హమ్మయ్య! మనదీ తెలుపే."

"ఉత్తరం తలుపు మాత్రం ఎప్పుడో మూసేశారు," అన్నాడు దొర.

"కడుపుతో ఉన్న పిల్లకి మూసిన తలుపు చూపిస్తారా? తెరిచే ఉంటుందండీ!" అంది సంపూర్ణమ్మ. ఆమెతో వాదించడం దొర ఎప్పుడో మానుకున్నాడు.

శనివారం మబ్బు పట్టింది. చెమ్మ తగిలితే గోడలు నిలవవని చుట్టూ కుంపట్లు పెట్టి ముగ్గురూ కాపలా కాశారు.

ఆదివారం పొద్దున్నే దొర భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కమానులు, కిటికీలు, చదరపు గోపురం చూసి ఆలిస్ అలాగే నిలబడిపోయింది.

"ఆ పడమటి కిటికీ దగ్గరే నాకు పేరు పెట్టారు," అంది కన్నీళ్ళతో, వేలితో చూపిస్తూ.

"పుట్టిల్లే నడిచొచ్చింది కదా తల్లీ, ఇక ఏడవకు. తడి తగిలితే మా ఆయన పనంతా పాడు," అంది సంపూర్ణమ్మ, తన కళ్ళు తుడుచుకుంటూ. "ఊఁ, కానీ."

దొరసాని పంచదార గోపురాన్ని పుటుక్కున విరిచి నోట్లో వేసుకుంది.