చెప్పి దూసే కత్తి

పితికిపప్పు కూర కోసం నానబెట్టిన అనపగింజలను హరిత ఒక్కొక్కటే పితుకుతోంది. వేళ్ల మధ్య నొక్కగానే పప్పు గిన్నెలో పడుతోంది, తొక్క చేతిలో మిగులుతోంది. పని చేతులది. ధ్యాసంతా టీవీలోని మాంత్రికుడి మీద ఉంది.

బెల్లు మోగింది. ఆమెతో కలిసి ఉంటున్న జ్యోత్స్న తలుపు తీసి, వచ్చినతన్ని కూర్చోమని, తయారవడానికి తన గదిలోకి వెళ్లింది.

వచ్చింది ఆకాష్. ముగ్గురిదీ ఒకే ఆఫీసు. హరితా అతనూ ఎనిమిది నెలలుగా ఒకే టీములో ఉన్నా, ఎదురుపడడం ఇదే మొదటిసారి. పనంతా ఇళ్ల నుంచే. మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టరు.

"హరితా, నేను ఆకాష్‌ను."

"గొంతు తెలుసులే. కూర్చో."

తల తిప్పలేదు. ఆకాష్‌కు అది కొంచెం గుచ్చుకుంది.

అతను వచ్చిన పని ఆమెకు తెలుసు. ఆఫీసు సినిమా క్లబ్బు నెలకోసారి చీటీ తీస్తుంది. ఎవరి పేరు వస్తే వాళ్లు కోరిన సినిమాను కోకాపేట ఆఫీసు హాల్లో వేస్తారు. ఈ నెల హరిత పేరు వచ్చింది. పాత జానపదం కావాలంది. ఆట ఈ ఉదయం పదకొండింటికే. ఆమె ఒప్పుకుంటే తప్ప సినిమా మార్చడానికి లేదు. మార్చమని రెండు రోజులు ఫోన్లు చేసి, పని జరగక, క్లబ్బు నడిపే ఆకాష్ మియాపూర్ దాకా వచ్చాడు.

కొత్త దెయ్యం సినిమా ఉన్న పెన్‌డ్రైవ్ ఆమె ముందుకు చాచాడు. హరిత అందుకోలేదు. కాసేపు అలాగే పట్టుకుని, టీపాయ్ మీద పెట్టాడు.

"అరగంట దాంక ఒక్క మాట ఉండదు. మ్యూజిక్ గూడ లేదు. అంతా కెమెరానే చెప్తది."

"అందుకే వద్దంటున్నా."

టీవీలో రాకుమారుడు, ఇదిగో ఈ కరవాలంతో నీ శిరస్సు ఖండిస్తానని గర్జించాడు. ఆకాష్‌కు నవ్వు ఆగలేదు.

"కత్తి దూసుడు కనబడుతనే ఉంది. మళ్ల చెప్పుడేంది?"

"చెప్పి దూయడమే మర్యాద."

పాత సినిమాల్లో దెయ్యం కూడా గజ్జెలు ఘల్లుమనిపించి మరీ వస్తుందంది హరిత. లేఖ వస్తే రాజు మంత్రి చేత పైకి చదివిస్తాడు. మాంత్రికుడికి ఒక నవ్వు, సేనాపతికి ఇంకొక నవ్వు. ఎటు నుంచి వచ్చినా ఎవరు వచ్చారో తెలిసిపోతుంది. ఇప్పటి సినిమాల్లో ఫోనుకు మెసేజ్ వస్తుంది, హీరోయిన్ ఏడుస్తుంది. ఏం వచ్చిందో ఒక్కరూ నోరు విప్పరు.

"స్క్రీన్ మీద ఉంటది కదా."

"ఉంటే ఉండనీ."

ఆకాష్ ఓపిక తగ్గింది. అట్టముక్కల కోటలు, దారాలకు వేలాడే తివాచీలు, గోడకు పూసిన చందమామ, ఇవన్నీ ఇప్పుడు ఎవరు భరిస్తారని అడిగాడు.

"అవి నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు," అంది హరిత.

"నలభై మంది వస్తరు. అందరు నవ్వుతరు. ఇజ్జత్ పోతది, జర సోంచాయించు."

హరిత చేతులు ఆగాయి.

"నవ్వనీ. ఎనిమిది నెలల్లో మీ ఆటలకు నేను ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదని అడిగినావా? వాటిల్లో నాకోసం తీసిన సినిమా ఒక్కటీ లేదు. ఈరోజు ఉండాది. మారదు."

మళ్లీ పితకడం మొదలుపెట్టింది. ఇంత పొగరు మనిషిని తాను చూడలేదనుకున్నాడు ఆకాష్. కనీసం ఆ జానపదంలో మొదటి సగం కత్తిరించి వేద్దామన్నాడు. చివరి గింజ అయ్యాక, హరిత గిన్నె మీద మూత పెట్టి, టీవీ ఆపి, లేచి చేతులు కడుక్కుంది.

క్యాబ్ కిందికి వచ్చిందని జ్యోత్స్న గదిలోంచి కేకేసింది. ఆకాష్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆఖరిసారి అడుగుతున్నానన్నాడు.

హరిత చెప్పులు వేసుకుని, అతన్ని పక్కకు తప్పించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, మడత విప్పిన తెల్లకర్రతో ముందున్న మెట్టును తట్టి చూసుకుంటూ ఇంట్లోంచి వెళ్లిపోయింది.