పదకొండో పేజీ

“వీరుడు మెట్లు దిగి రావడమేంటయ్యా! ఈ కాలం పిల్లలు పగలబడి నవ్వుతారు.” ఎడిటర్ పాత సంచికను బల్ల మీద పడేశాడు.

“కానీ సార్, మనసొప్పట్లేదు...”

“మనసు సంగతి తర్వాత. నాలుగింటికి ఫైళ్లు ప్రెస్సుకెళ్లాలి. ఇప్పుడు మూడున్నర!”

చిత్రకారుడు ఆ సంచికను చేతిలోకి తీసుకున్నాడు. ముప్పయ్యేళ్ల కిందట పిల్లల్ని ఉర్రూతలూగించిన బొమ్మల కథ అది. పదిహేనేళ్ల కుర్రాడు, పేరు తూనీగ. రెక్కలతో ఎగిరి ఊరిని కాపాడతాడు. ఒకరోజు ఆ రెక్కలు చచ్చుబడిపోతాయి. ఎత్తయిన మేడ అంచున నిలబడి కిందికి చూస్తాడు. కాళ్లు వణుకుతాయి. వెనక్కి తిరిగి, ఏడుస్తూ, ఒక్కో మెట్టూ దిగి వస్తాడు. అదే పదకొండో పేజీ.

కొత్త తరం కోసం ఆ కథను మళ్లీ గీసే పని అతని మీద పడింది. మొదట మెట్ల పేజీనే గీశాడు. ఎడిటర్ ఒప్పుకోలేదు. దాంతో కొత్త తూనీగ రెక్కల్లేకుండానే దూకేశాడు. నేల తాకబోయే క్షణంలో రెక్కలు విచ్చుకున్నాయి. నిన్న ఆ ఒక్క బొమ్మా నెట్‌లో పెడితే లైకులు వెల్లువెత్తాయి.

రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసింది. “సార్, ఎవరో ఆవిడ. దూకే బొమ్మ గీసినాయన్ని చూస్తేగానీ కదలనంటోంది.”

ఆ మాట పూర్తికాకముందే ఆవిడ లోపలికొచ్చేసింది. నలభై దాటి ఉంటాయి. మందుల షాపు తెల్లకోటు కూడా విప్పలేదు. చేతిలో అదే పాత సంచిక, అట్టంతా టేపు అతుకులు.

“ఆ బొమ్మ మీరే గీశారా?”

“నేనేనండీ.”

“పిల్లలున్నారా మీకు?”

“ఒక పాప.”

ఆవిడ కూర్చోలేదు. “మా తమ్ముడికి ఈ పుస్తకమంటే పిచ్చి. అన్నం తింటున్నా పక్కన ఉండాల్సిందే. పదిహేనో ఏట పరీక్ష తప్పాడు. నాన్న నలుగురిలో నానా మాటలూ అన్నాడు. వాడు ఈ పుస్తకం చంకన పెట్టుకుని డాబా ఎక్కాడు.”



“ఎన్నో... ఎన్నో అంతస్తు?” చిత్రకారుడు కుర్చీలోంచి లేచాడు.

“ఏడు. నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి కింద జనం మూగి ఉన్నారు. అమ్మ నేల మీద కూలబడిపోయింది.” ఆవిడ పెదవి బిగపట్టింది. “నిన్న మీ బొమ్మ చూశాక రాత్రంతా కునుకు పడితే ఒట్టు.”

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. “చూడండమ్మా, ఎప్పుడో జరిగినదానికి మమ్మల్ని బాధ్యుల్ని చేస్తే...”

“నిందించడానికి రాలేదండీ. పదకొండో పేజీ ఉన్నదున్నట్టు ఉంచండి. అంతే నేనడిగేది.”

చిత్రకారుడికి ఎనిమిదో తరగతి చదివే కూతురు కళ్ల ముందు మెదిలింది. నిన్న ఆ బొమ్మ చూసి “అబ్బ, భలే దూకాడు నాన్నా!” అంది. అతను గబగబా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“ఏం చేస్తున్నావ్?”

“మెట్ల పేజీ పెడుతున్నాను సార్.”

“పుస్తకం చతికిలపడితే నీ ఉద్యోగం ఊడుతుంది. నేనూ అడ్డుపడను.”

“ఊడితే ఊడనివ్వండి. ఇంకో పిల్లాడు డాబా ఎక్కితే నేను బతకలేను.”

 ఎడిటర్ ఆవిడ ముఖం చూసి పక్కకు జరిగాడు. కంగారులో చిత్రకారుడు రెండుసార్లు తప్పు ఫైలు తెరిచాడు. నాలుగుకు రెండు నిమిషాలుండగా ఫైళ్లు వెళ్లిపోయాయి. ఏడుస్తున్న తూనీగ, మెట్ల మీద.

ఆవిడ చేతులు జోడించింది. “మీ రుణం తీర్చుకోలేనండీ.”

“అంత మాటనకండి. మేమే మీకు...” అతనూ చేతులు జోడించాడు.

ఎడిటర్ కూడా మెత్తబడ్డాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కలం అందుకున్నాడు. “మొదటి పేజీ మాత్రం ఇంకా పంపలేదమ్మా, నా దగ్గరే ఉంది. మీ తమ్ముడి జ్ఞాపకార్థం అని వేయిస్తాను. పేరు చెప్పండి.”

ఆవిడ తెల్లబోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“జ్ఞాపకార్థమేంటండీ, వాడూ ఆ రోజు తూనీగలాగే మెట్లు దిగొచ్చేశాడు. ఇప్పుడు కింద బండి పార్క్ చేసి వస్తున్నాడు!”